యూకేలో క్రెడిట్ స్కోర్ బాగున్నా ఫోన్ కాంట్రాక్ట్ రిజెక్ట్ అయ్యిందా? ఇంకోచోట అప్లై చేసే ముందు ఇది చూడండి

యాప్‌లో స్కోర్ ఎక్సలెంట్ అని పచ్చగా కనిపిస్తుంటుంది, జీతం టైంకి పడుతుంటుంది, ఎవరికీ ఒక్క పౌండ్ బాకీ లేదు, అయినా ఫోన్ కాంట్రాక్ట్‌కి అప్లై చేస్తే "సారీ, ప్రస్తుతానికి మీకు ఇవ్వలేం" అని ఒక్క లైన్ వచ్చి ఆగిపోతుంది. కారణం చెప్పరు. ఇండియా నుంచి వచ్చి ఒకటి రెండేళ్ళయిన మనవాళ్ళలో ఇది చాలా కామన్. అప్పుడు అందరూ చేసేది ఏంటంటే కోపంలో అదే సాయంత్రం ఇంకో నెట్‌వర్క్‌లో ట్రై చేస్తారు, అక్కడా కాదంటే మూడోది. ముందు ఆ పని ఆపండి.

ఎందుకంటే మీరు అప్లై చేసిన ప్రతిసారీ మీ క్రెడిట్ ఫైల్ మీద ఒక హార్డ్ సెర్చ్, అంటే ఫలానా కంపెనీ మీ రికార్డు తెరిచి చూసిందన్న గుర్తు, పడుతుంది, అది కనీసం ఏడాది పాటు తర్వాత చూసేవాళ్ళందరికీ కనిపిస్తుంది. అది ఒకటైతే, ఫోన్ల విషయంలో ఇంకోటుంది. దొంగ వివరాలతో ఖరీదైన ఫోన్ తీసుకుని బయట అమ్మేసుకోవడం ఇక్కడ పాత మోసం, అందుకని వరసగా రెండు మూడు కంపెనీల్లో టాప్ మోడల్ ఫోన్‌కి అప్లికేషన్ పడితే వాళ్ళ సిస్టమ్‌కి మీరు అవసరం ఉన్న మనిషిలా కాదు, అనుమానించాల్సిన మనిషిలా కనపడతారు. మొదటి కంపెనీ ఏదో చిన్న కారణానికి కాదన్నా, మూడో కంపెనీ మీ తొందర చూసే కాదంటుంది.

ఇప్పుడు స్కోర్ సంగతి. మీ ఫోన్లో కనపడే ఆ నంబర్‌ని నెట్‌వర్క్ వాళ్ళు అసలు చూడరు. ఎవరు అప్పు ఎలా కడుతున్నారో రికార్డు పెట్టే క్రెడిట్ ఏజెన్సీలు ఇక్కడ మూడు ఉన్నాయి, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్. ఎవరి స్కేల్ వాళ్ళది, ఎవరి డేటా వాళ్ళది. నెట్‌వర్క్ వీటిల్లో ఒకదాన్నో రెండింటినో అడిగి మీ రికార్డు తెప్పించుకుని, తన సొంత లెక్క తను వేసుకుంటుంది. మీరు క్లియర్‌స్కోర్ యాప్‌లో చూసేది ఈక్విఫాక్స్ డేటా, క్రెడిట్ కర్మా యాప్‌లో చూసేది ట్రాన్స్‌యూనియన్ డేటా. నెట్‌వర్క్ చూసింది ఎక్స్‌పీరియన్ అయితే మీరు చూసుకుని సంతోషపడిన స్కోర్‌కీ వాళ్ళ నిర్ణయానికీ సంబంధమే లేదు.

ఇండియాలో సిబిల్ 800 ఉంది కదా అంటారా, అది ఇక్కడ లెక్కలోకి రాదు. సిబిల్ పేరు ముందు ట్రాన్స్‌యూనియన్ అని ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు కొంతమంది, కానీ మీరు ఫోన్ కాంట్రాక్ట్‌కి అప్లై చేసినప్పుడు అక్కడి ఫైల్‌ని ఇక్కడ ఎవరూ తీసి చూడరు. ఇక అప్పులే లేవు అనేది మనకి గొప్పగా చెప్పుకునే విషయం, కానీ ఇక్కడి ఫైల్‌లో అది ఉత్త ఖాళీ. తిరిగి కట్టిన చరిత్ర ఏమీ లేని మనిషి కడతాడో లేదో వాళ్ళకి తెలీదు, అంతే.

సరే ఏం చెయ్యాలి. ముందు రిజెక్ట్ చేసిన కంపెనీకే ఫోన్ చెయ్యండి. షాపులో కౌంటర్ దగ్గర ఉన్న వాళ్ళతో గొడవ పడి లాభం లేదు, వాళ్ళ స్క్రీన్ మీద కూడా డిక్లైన్ అనే తప్ప ఎందుకో ఉండదు. కస్టమర్ కేర్‌లో క్రెడిట్ చెక్ చూసే టీమ్‌కి కలపమని అడిగి, ఏ ఏజెన్సీ దగ్గర చెక్ చేశారు, సమస్య క్రెడిట్ హిస్టరీలోనా లేక ఐడెంటిటీ వెరిఫై అవ్వకపోవడంలోనా, ఈ రెండూ అడగండి. పూర్తి కారణం చెప్పకపోవచ్చు గానీ ఏ ఏజెన్సీయో చెప్తారు, రెండోదానికి కూడా మాటల్లో సూచన దొరుకుతుంది. ఇంకో మాట, నిర్ణయం మొత్తం కంప్యూటరే తీసుకుని ఉంటే ఒక మనిషి చేత మళ్ళీ చూపించమని అడిగే హక్కు డేటా ప్రొటెక్షన్ చట్టం కింద మీకుంది. "మాన్యువల్ రివ్యూ కావాలి" అని స్పష్టంగా అడగండి. ఐడెంటిటీ సమస్యయితే పాస్‌పోర్టు, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపిస్తే అక్కడికక్కడే తేలిపోయిన సందర్భాలు ఉన్నాయి.

తర్వాత మూడు ఏజెన్సీల దగ్గరా మీ స్టాట్యుటరీ రిపోర్ట్, అంటే మీ గురించి వాళ్ళ దగ్గరున్న రికార్డు, తెప్పించుకోండి. ఇది చట్టప్రకారం ఫ్రీ, కార్డ్ నంబర్ అడిగి ట్రయల్ అంటూ లాగే పేజీలోకి వెళ్తే మీరు తప్పు చోట ఉన్నట్టే. రిపోర్ట్ వచ్చాక స్కోర్ వైపు చూడకండి, లోపల ఏముందో లైన్ లైన్ చదవండి.

మొట్టమొదట చూడాల్సింది ఎలక్టోరల్ రోల్, అంటే ఓటర్ల జాబితా. మీరు ఫలానా అడ్రస్‌లో నిజంగా ఉంటున్నారని కంపెనీలు ఎక్కువగా నమ్మేది దీన్నే. "మనకి ఇక్కడ ఓటెక్కడుంది" అనుకుని మనవాళ్ళు దీన్ని వదిలేస్తారు, అది తప్పు. ఇండియా కామన్వెల్త్ దేశం, వీసా మీద లీగల్‌గా ఇక్కడ ఉంటున్న ఇండియన్ సిటిజెన్స్ రిజిస్టర్ అవ్వచ్చు, ఓటు కూడా వెయ్యచ్చు, స్టూడెంట్ వీసా అయినా సరే. మీ ఇండియన్ పాస్‌పోర్టుకి దీనివల్ల ఏమీ కాదు. గవ్ డాట్ యూకే సైట్‌లో రిజిస్టర్ టు వోట్ అనే పేజీలో కొన్ని నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. ఓపెన్ రిజిస్టర్‌లో ఉండాలా వద్దా అని మధ్యలో అడుగుతారు, వద్దని టిక్ పెట్టినా క్రెడిట్ చెక్‌కి ఏం తేడా లేదు, ఎందుకంటే ఏజెన్సీలు చూసేది పూర్తి రిజిస్టర్‌ని. కౌన్సిల్ టాక్స్ కడుతున్నాం కదా అందులో పేరుంది అంటే కుదరదు, అది వేరే లిస్ట్. మామూలుగా నెలకోసారి అప్‌డేట్ అవుతుంది గానీ అక్టోబర్, నవంబర్‌లో అప్లై చేస్తే డిసెంబర్ 1న వచ్చే కొత్త రిజిస్టర్ దాకా ఆగాల్సి రావచ్చు. ఇల్లు మారినప్పుడల్లా మళ్ళీ చెయ్యాలి, దానంతట అది మీ వెనకాల రాదు.

రెండోది పేరు. ఇది మనకి ప్రత్యేకంగా వచ్చిన తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఎవరో దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తారు, పేస్లిప్ మీద ముందూ వెనకా తిరగబడి ఉంటుంది, మూడు ముక్కల పేరులో మొదటి ముక్కే మీ పేరని ఇంకొకరు రాసుకుంటారు, ఇక పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళ కష్టం చెప్పనక్కర్లేదు. మనిషికి చూస్తే ఇవన్నీ ఒక్కరే అని అర్థమవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక్కొక్కళ్ళకి తలా కొంచెం హిస్టరీ. అందుకని బ్యాంకులో పేరుని పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించి, ఓటర్ లిస్ట్‌లో, క్రెడిట్ కార్డ్‌లో, చివరికి ఫోన్ అప్లికేషన్‌లో అక్షరం తేడా లేకుండా అదే వాడండి.

అడ్రస్ కూడా ఇంతే. ఒకే ఇంట్లో పైన కింద వేరు వేరు ఫ్లాట్లుంటే ఒకచోట ఫ్లాట్ 2 అని, ఇంకోచోట 14బీ అని, ఇంకోచోట ఫస్ట్ ఫ్లోర్ అని పడుతుంది. పోస్ట్‌కోడ్ కొడితే రాయల్ మెయిల్ లిస్ట్ నుంచి వచ్చేదాన్నే ఎంచుకోండి, చేత్తో టైప్ చెయ్యకండి. గత మూడేళ్ళ అడ్రస్‌లు అడిగినప్పుడు మధ్యలో రెండు నెలలు ఫ్రెండ్ రూమ్‌లో ఉన్నది ఎందుకులే అని వదిలేస్తారు కొందరు, మీ పాత బ్యాంక్ కార్డ్ ఆ అడ్రస్ మీదే ఉంటే ఫైల్‌లో అది మ్యాచ్ అవ్వదు.

ఒక అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. మీకన్నా ముందు ఆ ఇంట్లో ఉన్నవాడు బాకీలు ఎగ్గొట్టాడు కాబట్టి మీకు రావట్లేదు అనేది నిజం కాదు, రికార్డు మనిషిది గానీ ఇంటిది కాదు. రూమ్మేట్స్ అప్పులు కూడా మీకు అంటవు. జాయింట్ అకౌంట్ గానీ జాయింట్ లోన్ గానీ ఉంటే మాత్రం లింక్ పడుతుంది, ఆ బంధం తెగిపోయి అకౌంట్ మూసేసినా లింక్ అలాగే ఉండిపోవచ్చు, అప్పుడు ఏజెన్సీకి రాసి డిసోసియేషన్, అంటే ఆ లింక్ తీసేయమని, అడగాలి.

ఇక బిల్లులు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బ్రాడ్‌బ్యాండ్‌దో కరెంటుదో ఆఖరి బిల్లు పాత అడ్రస్‌కి వెళ్తుంది, మీరు చూడరు, కొన్నాళ్ళకి అది డిఫాల్ట్, అంటే బాకీ ఎగ్గొట్టారన్న మచ్చ, అవుతుంది. బాకీ 30 పౌండ్లే అయినా డిఫాల్ట్ ఫైల్‌లో 6 ఏళ్ళుంటుంది. పాత ఫోన్ కంపెనీకే ఇలా బాకీ పడి ఉంటే అదే కంపెనీలో మళ్ళీ అప్లై చేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఇవన్నీ శుభ్రంగా ఉండి, మూడు రిపోర్టుల్లోనూ ఏ వంకా లేకుండా, అయినా ప్రతిచోటా కాదంటున్నారంటే అప్పుడు సిఫాస్ గురించి ఆలోచించండి. ఇది మోసాల నివారణకి బ్యాంకులు, టెలికాం కంపెనీలు కలిసి వాడుకునే డేటాబేస్. ఇందులో మీ పేరు మీద మార్కర్, అంటే మోసం అనుమానం ఉందన్న గుర్తు, ఉంటే మామూలు స్కోర్ యాప్స్‌లో కనపడకపోవచ్చు, స్కోర్ కూడా తగ్గదు, కానీ తలుపులన్నీ మూసుకుంటాయి. వాళ్ళ సైట్‌లో సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెడితే ఫ్రీగా, మామూలుగా ఒక నెలలోపు, మీ పేరు మీద ఏముందో చెప్తారు. స్టూడెంట్స్ కొంచెం జాగ్రత్తగా చదవండి: "నీ అకౌంట్‌లో డబ్బులు వేస్తా, కొంచెం నువ్వుంచుకుని మిగతాది ఫలానా వాడికి పంపు" అన్న మాట విని చేసినవాళ్ళకి ఈ మార్కర్ పడుతుంది, 6 ఏళ్ళ దాకా ఉండచ్చు, బ్యాంక్ అకౌంట్ కూడా పోతుంది. అలాగే "నీ పేరు మీద నాలుగు కాంట్రాక్ట్ ఫోన్లు తియ్యి, ఫోన్లు నాకివ్వు, క్యాష్ ఇస్తా, కాంట్రాక్టులు మేము క్యాన్సిల్ చేయించేస్తాం" అనేవాళ్ళు తిరుగుతుంటారు. ఎవరూ క్యాన్సిల్ చేయించరు. ఆ బిల్లులన్నీ మీవే. మార్కర్ తప్పుగా పడిందనుకుంటే ముందు దాన్ని పెట్టిన కంపెనీకే కంప్లైంట్ రాయాలి, వాళ్ళు వినకపోతే సిఫాస్‌కి.

ఇదే కోవలో ఇంకోటి, "అన్నా, నీ పేరు మీద ఒక ఫోన్ తీసిపెట్టు, నెలనెలా నేను పంపిస్తా" అనేది. అడగద్దు, అడిగితే చెయ్యద్దు. వాడు మంచోడే అయినా ఉద్యోగం పోయి ఇండియా వెళ్ళిపోతే డైరెక్ట్ డెబిట్ మీ అకౌంట్ నుంచే పోతుంది.

రిపోర్ట్‌లో తప్పు కనపడితే ఏజెన్సీ సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి, వాళ్ళు 28 రోజుల్లో జవాబివ్వాలి. డేటా పంపిన కంపెనీకి కూడా ఒక మెయిల్ కొట్టండి, ఎందుకంటే అసలు మార్చాల్సింది వాళ్ళే. 200 పదాల్లో మీ వివరణ రాసి ఫైల్‌కి తగిలించే సదుపాయం కూడా ఉంది, నోటీస్ ఆఫ్ కరెక్షన్ అంటారు. నా లెక్కలో నిజంగా చెప్పుకోవాల్సిన కథ ఉంటేనే అది వాడాలి, ఎందుకంటే అది ఉంటే మనిషి చదవాల్సి వస్తుంది, అప్లికేషన్ లేటవుతుంది. ఏజెన్సీ మొండికేస్తే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ ఉంది, ఖర్చు లేదు. కానీ మీకు ఫోన్ ఇచ్చి తీరాలని కంపెనీని ఎవరూ బలవంతం చెయ్యరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. డబ్బులిస్తే క్రెడిట్ రిపేర్ చేస్తాం అనేవాళ్ళు చేసేది కూడా ఇంతే, మీరు ఫ్రీగా చేసుకోగలిగింది.

ఈలోగా ఫోన్ లేకుండా ఉండలేం కదా. హ్యాండ్‌సెట్ విడిగా కొనుక్కోండి, రిఫర్బిష్డ్ అయినా సరే, సిమ్ విడిగా తీసుకోండి. గిఫ్‌గాఫ్, స్మార్టీ, వాక్సీ లాంటివాటిలో నెలనెలా ముందే కట్టే ప్లాన్లకి క్రెడిట్ చెక్ ఉండదు. పాత నంబర్ కావాలంటే 65075కి పీఏసీ అని ఇంగ్లీషులో మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. చాలాసార్లు మొత్తం మీద కాంట్రాక్ట్ కన్నా ఇదే చవక పడుతుంది, 24 నెలలు కట్టేదంతా కూడి చూసుకోండి. ఒకటే లోటు, ఇలా ముందే కట్టేవి మీ క్రెడిట్ ఫైల్‌లోకి ఎక్కవు. ఫైల్ పెరగాలంటే జీతం పడే బ్యాంకులోనే చిన్న లిమిట్ క్రెడిట్ కార్డ్ తీసుకుని, సరుకులకి వాడి, ఫుల్ అమౌంట్‌కి డైరెక్ట్ డెబిట్ పెట్టేయండి.

మళ్ళీ అప్లై చెయ్యడానికి ఓ మూడు నుంచి ఆరు నెలలు ఆగండి, ఓటర్ లిస్ట్ అప్‌డేట్ మూడు రిపోర్టుల్లోనూ కనపడ్డాకే. అప్పుడు కూడా నేరుగా టాప్ మోడల్ మీదకి వెళ్ళకుండా అదే నెట్‌వర్క్‌లో సిమ్ ఓన్లీ (ఫోన్ లేకుండా సిమ్ మాత్రమే) కాంట్రాక్ట్‌తో మొదలుపెట్టచ్చు, లేదా తక్కువ ధర ఫోన్ ఎంచుకుని అప్‌ఫ్రంట్ ఎక్కువ కట్టచ్చు, ఇప్పుడు చాలా నెట్‌వర్క్‌లలో ఫోన్‌కి వేరే అగ్రిమెంట్, సిమ్‌కి వేరే అగ్రిమెంట్, ఫోన్‌ది అచ్చంగా లోనే కాబట్టి అప్పు తగ్గే కొద్దీ ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. సంతకం పెట్టే ముందు వీసా ఎప్పటిదాకా ఉందో చూసుకోండి, దేశం వదిలి వెళ్ళినంత మాత్రాన 36 నెలల అగ్రిమెంట్ ఆగిపోదు, మిగిలిన డివైస్ బాకీ అంతా కట్టి తెంచుకోవాల్సిందే.