వల అనే మాట అర్థాలను, పుట్టుకను వెతికే పద్ధతి

ఒక మాట పుట్టుకను వెతకాలనుకున్నవారు నిఘంటువు తెరవడానికి ముందే, ఆ మాట వాడుకలో ఏ క్రియలతో కలిసి నడుస్తున్నదో గమనించాలి. వలను వేస్తారు, విసురుతారు, పన్నుతారు, ఉచ్చును బిగిస్తారు, బోనును పెడతారు. చేప వలలో, కుందేలు ఉచ్చులో, ఎలుక బోనులో పడతాయి. "ఉచ్చు బిగుసుకుంది" అన్నప్పుడు తోచే ఉక్కిరిబిక్కిరి "వలలో పడ్డాడు" అన్నప్పుడు తోచదు. అక్కడ ముఖ్యం తెలియక చిక్కుకోవడం.

తరువాత ఆ వస్తువును చూడాలి. ఈ పనిని చాలామంది వదిలేస్తారు గాని, నా దృష్టిలో ఇదే అన్నిటికంటె విలువైనది. విసురువల అంచు పొడవునా సీసపు గుళ్లు ఉంటాయి. విసిరినప్పుడు వల గుండ్రంగా విచ్చుకొని నీటిమీద పడుతుంది, గుళ్ల బరువుకు అంచులు అడుగుకు దిగుతాయి, చేతికి కట్టుకున్న తాడును మెల్లగా లాగేకొద్దీ అవి దగ్గరకు చేరతాయి. పోలీసులు నేరస్థుణ్ణి "వలపన్ని పట్టుకున్నారు" అని పత్రికలు రాసే వాక్యంలో ఉన్నది చుట్టుముట్టి దగ్గరకు లాగే ఈ పనే. అయితే వల నీటికే పరిమితం కాదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో వేటగాడు నూకలు చల్లి వల పన్నింది పావురాల కోసం.

ఇక సోదర భాషలను అడగాలి. తమిళంలో వలై, మలయాళంలో వల, కన్నడంలో బలె అంటారు. కన్నడంలోని బకారాన్ని చూసి సందేహించనక్కరలేదు. మన వెన్న అక్కడ బెణ్ణె, మన వేరు అక్కడ బేరు. ఇన్ని భాషల్లో ఒకే అర్థంతో, క్రమమైన ధ్వనిమార్పుతో కనిపించే మాటను సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నదిగా కాక ద్రావిడ పదంగా గుర్తించాలి. ఇక్కడికి వచ్చాక 1852 నాటి బ్రౌన్ నిఘంటువును, బరో, ఎమెనో కలిసి 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును పక్కపక్కన పెట్టుకుంటే పని సులువవుతుంది.

పోలికలను చూసి మోసపోయే చోటు కూడా ఇదే. వలయం సంస్కృత పదం; విసురువల గుండ్రంగా పడుతుంది కదా అని దానితో చుట్టరికం కలపకూడదు. కాడికి కుడివైపున కట్టే వలపటెద్దు పేరులో ఉన్నది కుడి అనే అర్థమున్న మరో వల. మన్మథుణ్ణి వలరాజు అన్నది మనసులకు వల వేస్తాడని కాదు, వలపుకు రాజు కనుక.

సంస్కృతంలో వలకు పేరు జాలం. జాలరి, ఇంద్రజాలం అన్న మాటలు అటునుంచి వచ్చినవే. ఇంటర్నెట్‌కు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగువారు ఆ జాలాన్నే తీసుకొని అంతర్జాలం అన్నారు.