చివరి బెంచీ నుంచి లోపలికి: కతోలిక విచారణలో (పారిష్‌లో) మన చోటు వెతుక్కోవడం ఎలా

ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం పూజకు వెళ్తూ కూడా గుడిలో ఒక్కరి పేరు తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. కాస్త ఆలస్యంగా వెళ్లడం, వెనక బెంచీలో కూర్చోవడం, సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకుని ముగింపు ఆశీర్వాదం కూడా అవకముందే గుమ్మం దాటేయడం, ఆపైన "అక్కడ నన్ను పట్టించుకునేవాళ్లే లేరు" అని బాధపడటం. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. చాలాకాలం దూరంగా ఉండి మళ్లీ రావాలనుకునేవాళ్లకీ, ఇంకా జ్ఞానస్నానం తీసుకోకుండా బయటి నుంచి గమనిస్తున్నవాళ్లకీ కూడా పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "నా జీవితం దేనికో ముందు తేలనీ, ఆ తర్వాత గుడిలో ఏదో ఒకటి చేస్తా" అనుకుంటారు చాలామంది. నేను చూసినంతలో జరిగేది దీనికి తలకిందులు. ముందు ఒక చోట కుదురుకోవాలి, అక్కడ ఎవరో ఒకరికి అక్కరకు రావాలి, మనం ఒక వారం రాకపోతే "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అని అడిగే మనిషి ఒకరైనా ఉండాలి. జీవితం దేనికన్న ప్రశ్నకు జవాబు అక్కడినుంచి మెల్లగా దొరుకుతుంది, ఒంటరిగా గదిలో కూర్చుని ఎంత ఆలోచించినా దొరకదు.

మొదటి పని, ఒకే గుడికి వెళ్లండి. పాటలు ఇక్కడ బాగుంటాయి, ప్రసంగం అక్కడ బాగుంటుంది అని వారానికో గుడి తిరిగితే అన్నిచోట్లా అతిథులుగానే మిగిలిపోతారు. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో 518వ సూత్రం ప్రకారం విచారణ అంటే మామూలుగా ఒక ప్రాంతం, ఆ హద్దుల్లో ఉండే విశ్వాసులందరూ ఆ విచారణకు చెందినవాళ్లే. అంటే మీరు ఇల్లు మారిన రోజే, మీకు తెలియకుండానే, ఒక విచారణ సభ్యులైపోయారు. ఎవరి ఆమోదం కోసమూ ఆగక్కర్లేదు. నాకు ఇందులో నచ్చేది ఇదే, మనం ఎంచుకోని మనుషుల మధ్య కూర్చోబెడుతుంది. మన వయసు కానివాళ్లు, మన రాజకీయాలు కానివాళ్లు, మనం మామూలుగా అయితే పలకరించనివాళ్లు. స్నేహితుల గుంపు ఇలా ఉండదు. భాష రాకపోవడం, మీరు తూర్పు కతోలిక సభలకు (సిరో మలబార్ లాంటివి) చెందినవాళ్లై మీ సంప్రదాయంలో పూజ వేరే చోట జరగడం లాంటి కారణాలుంటే సరే, వేరే గుడిని ఎంచుకోండి. కానీ ఎంచుకున్నాక అక్కడే ఉండండి.

గుడి ఒక్కటే అయితే చాలదు, పూజ వేళ కూడా ఒకటే ఉండాలి. శనివారం సాయంత్రం పూజకు వచ్చే జనం వేరు, ఆదివారం పొద్దున వచ్చే జనం వేరు. ఒకే వేళకు వెళ్లి ఇంచుమించు ఒకే చోట కూర్చుంటే కొన్ని వారాల్లో చుట్టుపక్కల ముఖాలు పరిచయమవుతాయి. పూజ అయ్యాక ఒక పావుగంట ఉండండి. ఆ పావుగంటలో జరిగే పలకరింపులు వాట్సాప్ గ్రూపులో ఎన్నాళ్లున్నా జరగవు. సిగ్గరులైతే గుంపు దగ్గరికి వెళ్లకండి, మీలాగే ఒంటరిగా నిలబడ్డవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి. విచారణ కార్యాలయంలో పేరు నమోదు చేసుకునే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది, కొన్నింట్లో లేదు. ఉన్నా లేకపోయినా ఫాదర్ గారిని కలిసి "నేను ఫలానా, ఇక్కడికి కొత్తగా వచ్చాను" అని చెప్పండి.

పూజలో కూడా ప్రేక్షకుల్లా కూర్చోకండి. ప్రపంచంలోని బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవారాధన మీద ఇచ్చిన పత్రం విశ్వాసులందరూ తెలిసి, పూర్తిగా, చురుగ్గా పాల్గొనాలని అడిగింది. జవాబులు గట్టిగా చెప్పండి, గొంతు బాగోకపోయినా పాడండి. ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగొచ్చే క్రమంలో ముందే నిర్ణయించి ఉంటాయి కాబట్టి శనివారం రాత్రే ఒకసారి చదువుకుని వెళ్లవచ్చు. అదే వాక్యం ఆ రోజు ప్రపంచంలో చాలాచోట్ల చదువుతున్నారని గుర్తుంటే, ఖాళీగా ఉన్న చిన్న గుడిలో కూడా ఒంటరితనం కొంత తగ్గుతుంది.

ఇక చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చేవాళ్ల సంగతి. వీళ్లకి అసలు టెన్షన్ పాపసంకీర్తనం దగ్గరే, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే చోటే. ఏం చెప్పాలో మర్చిపోయాం, ఫాదర్ ఏమనుకుంటారో, బయట ఎవరికైనా చెప్తారేమో అని. చెప్పరు. పాపసంకీర్తన రహస్యాన్ని ఏ కారణంతోనూ బయటపెట్టకూడదని 983వ సూత్రం చెప్తుంది, నేరుగా బయటపెట్టిన గురువు (ఫాదర్) అప్పటికప్పుడే శ్రీసభ నుంచి వెలివేతకు గురవుతాడు. కాబట్టి లోపలికి వెళ్లి "చాలా ఏళ్లయింది ఫాదర్, ఎలా చేయాలో మర్చిపోయాను, కాస్త చెప్పండి" అనండి, మిగతాది ఆయన నడిపిస్తారు. ఇలా వచ్చేవాళ్లను చూస్తే చాలామంది గురువులకు సంతోషమే తప్ప విసుగు ఉండదు. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లయితే సత్ప్రసాదం తీసుకోవచ్చా అన్న విషయం కొంచెం చిక్కు, వరుసలో నిలబడి రెండు నిమిషాల్లో తేలేది కాదు, ముందే సమయం అడిగి విడిగా కలవండి. సత్ప్రసాదం సంగతి తేలకపోయినంత మాత్రాన మీరు శ్రీసభకు బయటివాళ్లు అయిపోరు. పోప్ రెండవ జాన్ పాల్ 1981లో కుటుంబం గురించి రాసిన పత్రంలో ఈ మాటే స్పష్టంగా చెప్పారు: అలాంటివాళ్లు తాము శ్రీసభకు వేరుపడ్డామని అనుకోకుండా చూడాలని, దాని జీవితంలో పాలుపంచుకోవచ్చని, పంచుకోవాలని కూడా.

జ్ఞానస్నానం లేనివాళ్లు పూజకు రావచ్చు, కూర్చోవచ్చు, పాడవచ్చు. సత్ప్రసాదం మాత్రం తీసుకోకూడదు, ఆ సమయంలో బెంచీలోనే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టరు. లోతుగా తెలుసుకోవాలనుకుంటే పెద్దలను దశలవారీగా సిద్ధం చేసే క్రమం ఉంది, వాటికన్ సభ తర్వాత 1972లో దాన్ని పునరుద్ధరించారు. నెలల తరబడి సాగుతుంది, మామూలుగా పాస్క జాగరణ రాత్రి (ఈస్టర్ ముందు రాత్రి) జ్ఞానస్నానంతో ముగుస్తుంది. చేరినంత మాత్రాన చివరిదాకా వెళ్లి తీరాలని లేదు, మధ్యలో ఆగిపోవచ్చు. మొహమాటం లేకుండా అనుమానాలన్నీ అడగగలిగే చోటు విచారణలో ఇదే. పుట్టు కతోలికులకు ఆ అదృష్టం లేదు పాపం, వాళ్ల అనుమానాలు వాళ్లలోనే ఉండిపోతాయి.

వందలమంది వచ్చే ఆదివారం పూజలో స్నేహాలు కుదరవు. అందుకే ఒక చిన్న గుంపు కావాలి. మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) ఉంది, 1921 సెప్టెంబర్ 7న డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ మొదలుపెట్టింది, వారం వారం కూడుతుంది, ప్రార్థన ఒక్కటే కాదు, ప్రతివారం ఏదో ఒక పని అప్పగిస్తుంది. బైబిలు పఠన గుంపులు, గాయక బృందం, యువత సంఘాలు, జంటల కోసం ఉండేవి వేరు. ఎందులో చేరాలి అంటే నా సలహా: వారానికోసారి కలిసేది, పదిమందికి అటూఇటూ ఉండేది, చేతులతో చేసే పని కాస్తయినా ఉండేది. నెలకోసారి కలిసే గుంపులో మళ్లీ కలిసేసరికి పేర్లు మర్చిపోతాం.

నన్నడిగితే మొదట చూడాల్సింది విన్సెంట్ దె పాల్ సభ. అది పుట్టిన తీరు జీవితానికి దారి వెతుక్కునేవాళ్లందరూ తెలుసుకోవాలి. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనామ్ ఇరవై ఏళ్ల విద్యార్థి. స్నేహితులతో కలిసి చర్చల్లో విశ్వాసం తరఫున గట్టిగా వాదించేవాడు. ఒకసారి ఎదుటి పక్షం నుంచి ప్రశ్న వచ్చింది: మీ మతం ఒకప్పుడు మంచి చేసిందేమో, ఇప్పుడు మీరేం చేస్తున్నారు? దానికి వాళ్లు ఇంకో వాదన తయారు చేసుకోలేదు, పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. ఏ ఇంటికి వెళ్లాలో, లోపల ఎలా మెలగాలో వాళ్లకు నేర్పింది ఆ పేటలో పేదల మధ్య పనిచేస్తున్న సిస్టర్ రోసలీ రాందు (Rendu). ఇంటికి వెళ్లి కలిసే ఆ పద్ధతే ఈ రోజుకీ సభకు ప్రాణం. కుర్చీలో కూర్చుని మీ సమస్య ఏమిటని అడగడం వేరు, వాళ్లింట్లో వాళ్లు చూపించిన చోట కూర్చుని వినడం వేరు. కొత్తవాళ్లను అనుభవం ఉన్నవాళ్లతో కలిపి పంపుతారు కాబట్టి భయపడక్కర్లేదు. ఓజనామ్ తర్వాత ప్రొఫెసర్ అయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, 1997లో శ్రీసభ ఆయన్ని ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించింది. గురువు కాడు, సన్యాసి కాడు.

పని ఎలా అడగాలో కూడా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. "ఏమైనా సహాయం కావాలంటే చెప్పండి ఫాదర్" అంటారు, ఆయన సరే అంటారు, అంతటితో అయిపోతుంది. ఆ మాట ఆయన వారానికి ఎందరి నోటో వింటారు, ఎవరికి ఏ పని చెప్పాలో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? "శనివారం సాయంత్రం నాకు రెండు గంటలు ఖాళీ, గుడి ఊడవమన్నా సరే, కుర్చీలు వేయమన్నా సరే, ఎవరితో మాట్లాడాలి?" అని అడగండి. వెంటనే ఒక పేరు చెప్తారు. చిన్న పని, కంటికి కనపడని పని అయితే ఇంకా మంచిది. మాంట్రియల్‌లో బ్రదర్ ఆంద్రే బెసెట్ దాదాపు నలభై ఏళ్లు ఒక పాఠశాల గుమ్మం దగ్గర తలుపు తీసే పని చేశారు. చదువు అంతంతమాత్రం, ఆరోగ్యమూ అంతే. ఆ గుమ్మం దగ్గరికే జనం కష్టాలు చెప్పుకోవడానికి రావడం మొదలైంది, 2010లో ఆయన పునీతుడు (సెయింట్) అయ్యాడు. ఒక్క హెచ్చరిక: ఉత్సాహం కొద్దీ నాలుగైదు పనులు ఒకేసారి నెత్తిన వేసుకోకండి, అలా చేసినవాళ్లు కొన్ని నెలల్లో మాయమవుతారు. ఒకటి తీసుకోండి, వర్షం వచ్చినా వెళ్లండి.

పిల్లలకు సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) నేర్పే పని అడిగితే మీ గతం ఆరా తీయవచ్చు, కాగితాలు అడగవచ్చు, శిక్షణ తీసుకోమనవచ్చు. నొచ్చుకోకండి. ఏమీ అడగకుండా పిల్లల్ని అప్పగించేస్తేనే అనుమానించాలి. పిల్లల విషయంలో ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో (ఒక బిషప్ పరిధిలో) ఉండాలని 2019లో పోప్ ఫ్రాన్సిస్ చట్టం చేశారు. అది మీ దగ్గర ఎక్కడుందో తెలుసుకుని ఉంచుకోండి. అలాగే ఏ గుంపైనా మిమ్మల్ని ఇంటివాళ్ల నుంచి దూరం చేస్తున్నా, లోపలి సంగతులు బయట చెప్పొద్దంటున్నా, మీ పెళ్లి, ఉద్యోగం, డబ్బు విషయాలు వాళ్లే నిర్ణయిస్తామన్నా, ఎంత భక్తిగా కనిపించినా సరే, బయటికి వచ్చేయండి.

గొడవలు మాత్రం ఉంటాయి. పాట ఎవరు ఎత్తుకోవాలన్న దాని మీద, పూలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద, పాత ఫాదర్ బాగుండేవారు కొత్తాయన బాగోలేదన్న దాని మీద. దీన్ని చూసి "విశ్వాసుల సంఘం ఇలా ఉంటుందా" అని నీరుగారిపోయేవాళ్లు ఒకసారి పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ తెరవండి. నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని అని వాళ్లు అప్పుడే వర్గాలుగా చీలిపోయారు. కన్ను చేతితో "నువ్వు నాకు అక్కర్లేదు" అనలేదనే మాట పౌలు రాసింది ఆ కొట్లాడుకునే సంఘానికే. ఆ మాట ఉన్న పన్నెండో అధ్యాయం ప్రశాంతమైన విచారణలో చదివితే సగమే అర్థమవుతుంది.

జీవిత పిలుపు సంగతికి వస్తే, గురువులు, సిస్టర్లు మాత్రమే దేవుని పిలుపు పొందినవాళ్లని ఇప్పటికీ అనుకుంటారు. 1964లో శ్రీసభ గురించి వాటికన్ సభ ఇచ్చిన పత్రం పవిత్రతకు పిలుపు అందరికీ అని ఒక అధ్యాయం మొత్తం చెప్పింది. మీ వంతు ఏమిటో తెలుసుకోవడానికి పదహారో శతాబ్దపు స్పెయిన్ పునీతుడు లొయోలా ఇగ్నేషియస్ పద్ధతి నాకు అన్నిటికన్నా నేల మీద ఉన్నట్టు అనిపిస్తుంది. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు దెబ్బతిని మంచం పట్టిన ఆ సైనికుడు ఒకటి గమనించాడు: కొన్ని ఊహలు అప్పటికి హుషారిచ్చి తర్వాత మనసును పొడిగా వదిలేస్తున్నాయి, కొన్ని వెళ్లిపోయాక కూడా ఆనందాన్ని మిగులుస్తున్నాయి. ఆ తేడాను పట్టుకోవడమే ఆయన బోధనకు మొదలు. రాత్రి పడుకునే ముందు కొద్దిసేపు రోజును వెనక్కి తిప్పి చూసుకోండి, ఎక్కడ ప్రాణం లేచొచ్చింది, ఎక్కడ కుంగిపోయింది, దేవునికి దేనికి థాంక్స్ చెప్పాలి, దేనికి క్షమాపణ. కొన్ని వారాలు చేస్తే ఒక తీరు కనిపిస్తుంది. మంచం పట్టినవాళ్లను చూసి వచ్చిన ప్రతిరోజూ మనసు తేలికైందంటే అది ఊరికే కాదు. ఆయనే చెప్పిన ఇంకో నియమం, మనసు చీకటిగా ఉన్నప్పుడు వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని. అయితే ఆ చీకటి వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి దెబ్బతింటుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ప్రార్థన మానక్కర్లేదు, మందు మానక్కర్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే ఎప్పుడైనా సరే, కానీ ఎంచుకునే వీలుంటే ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో మొదలుపెట్టి, దాని చివరి వారమైన పవిత్ర వారానికి పనిలో ఉండేలా చూసుకోండి. పవిత్ర గురువారం కాళ్లు కడిగే ఆచారం, పవిత్ర శుక్రవారం సిలువ ఆరాధన, శనివారం రాత్రి కొత్త నిప్పు, మూడింటికీ వెళ్లండి. ఆ వారం ఏ విచారణలోనూ పనికి మనుషులు చాలరు, అందుకని కొత్తవాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని ఎవరూ ఆరా తీయరు, నేరుగా చేతికి చీపురో కొవ్వొత్తుల పెట్టెనో ఇచ్చేస్తారు.