పుస్తకాల షాపులో రచయితని కలవబోతున్నారా?

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ జనంలో రచయితతో నిలబడి మాట్లాడటమే కష్టం. అదే మన ఊళ్ళో చిన్న పుస్తకాల షాపు పెట్టే సభకి 30 మంది వస్తే ఎక్కువ, రచయిత మన ఎదురుగానే కూర్చుంటారు. అందుకే ఆ రచయిత పుస్తకంలో ఒక్క కథైనా చదివి వెళ్ళండి. "మీకు స్ఫూర్తి ఎవరు?" అని కాకుండా, పేజీ తెరిచి "ఈ అమ్మాయి ఇక్కడ ఉత్తరం ఎందుకు చింపేసింది?" అని అడిగి చూడండి. ఆయన ముఖం వెలిగిపోతుంది, అసలు కబుర్లు అప్పుడు మొదలవుతాయి.

మన సభల్లో రచయిత స్పందన చివర్లోనే ఉంటుంది. ప్రసంగాలు సాగుతున్నాయని మధ్యలో లేచిపోకండి.

పుస్తకం మాత్రం అక్కడే కొనండి. ఆన్‌లైన్‌లో 50 రూపాయలు తక్కువకి దొరకొచ్చు, కానీ ఆ షాపు అద్దె కట్టుకునేది, మళ్ళీ సభ పెట్టగలిగేది ఈ అమ్మకాలతోనే. సంతకానికి ఇచ్చేటప్పుడు మీ పేరు చిన్న చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టండి, అక్షరం తప్పు పోదు. ఇంకు పెన్నుతో సంతకం చేస్తే తడి ఆరాకే మూయండి.