మీ ల్యాబు సింకు నీళ్ళు ఏ చెరువుకు చేరుతున్నాయి? బెంగళూరులో రీసెర్చ్ చేసేవాళ్ళకు

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్ళు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "పర్యావరణం కోసం, జనం కోసం ఏదైనా చేయాలని ఉందన్నా, కానీ నా టాపిక్ వేరే కదా?" టాపిక్ ఏదైనా ఫర్వాలేదు. ల్యాబులో ఒక సింకు ఉంటే చాలు, అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

ముందుగా మీ క్యాంపస్‌లో నీళ్ళూ డ్రైనేజీ చూసే ఇంజనీర్ దగ్గరికి వెళ్ళి, మన బిల్డింగ్ నీళ్ళు ఎటు పోతాయని అడగండి. ఈ ఊరి మురుగు ప్రధానంగా మూడు లోయల్లోకి దిగుతుంది: వృషభావతి, కోరమంగల–చల్లఘట్ట, హెబ్బాళ. వృషభావతిలోకి దిగింది బైరమంగల చెరువుకు చేరుతుంది. కోరమంగల–చల్లఘట్ట వైపు నీళ్ళను శుద్ధి చేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపు చేస్తున్నారు. హెబ్బాళ వైపువి చిక్కబళ్ళాపురం వైపు వెళ్తున్నాయి. ఆ శుద్ధి రెండో దశతో ఆగిపోతుంది. మలినం, వాసన తగ్గుతాయి గానీ నీళ్ళలో కరిగిన మందుల అవశేషాలనూ రకరకాల రసాయనాలనూ తీసేయడం కోసం పెట్టిన ఏర్పాటు కాదది. మూడో దశ కూడా కావాలని అక్కడివాళ్ళు ఎన్నాళ్ళనుంచో పోరాడుతున్నారు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపుర, చింతామణి వైపు పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. అంటే మీరు ఫ్లాస్కు కడిగి పారబోసినదాని అవతలి కొసన మీ భాష మాట్లాడే మనిషి ఉండొచ్చు. నాకు ఈ సంగతి తెలిశాక మొదటి కడుగు నీళ్ళు కూడా వేస్ట్ డబ్బాలోకే పోయడం అలవాటైంది. మీరూ అలాగే చేయండి, ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఇది చెప్పండి.

రెండో పని, కొలవడం. దీనికి గ్రాంటు అక్కర్లేదు, ఒక బకెట్టూ మీ ఫోనూ చాలు. కెమిస్ట్రీ ల్యాబుల్లో ఆవిరిని చల్లబరిచే గాజు గొట్టానికి, అంటే కండెన్సర్‌కు, కుళాయి నుంచి ట్యూబు తగిలించి, రెండో ట్యూబు సింకులో వదిలేస్తాం. ఆ రెండో ట్యూబును పది లీటర్ల బకెట్లో పెట్టి టైం చూడండి. మా దగ్గర సరిగ్గా నాలుగు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి రెండున్నర లీటర్లు, ఎనిమిది గంటల రియాక్షన్‌కు 1,200 లీటర్లు, అదీ ఒక్క కండెన్సర్‌కు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు ప్రకటించిన ఊళ్ళోనే ఇది జరుగుతోంది. ఆ రోజు బకెట్ పక్కన నిలబడి లెక్క వేసుకున్నాక ఆ కుళాయి తిప్పాలంటే మనసొప్పలేదు.

దీనికి విరుగుడు తేలికే. చేపల తొట్టెలో పెట్టే చిన్న పంపు కొని బకెట్లో ముంచండి, అవే నీళ్ళు తిరుగుతుంటాయి, వేడెక్కినప్పుడల్లా కాస్త ఐసు వేస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త, పంపు ఆగితే ప్రమాదం కాబట్టి ఈథర్ లాంటి తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్లతో ఇలా పెట్టి మనిషి లేకుండా వదిలేయకండి. నీళ్ళే అక్కర్లేని గాలి కండెన్సర్లు కూడా దొరుకుతున్నాయి, రాత్రంతా నడిచే రియాక్షన్లకు అవి నయం.

బయాలజీ ల్యాబుల్లో అసలు కరెంటు ఖర్చు శాంపిళ్ళు దాచే మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లది. పాతదైతే రోజుకు ఇరవై యూనిట్ల దాకా లాగుతుంది, ఏడాదికి 7,300 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన అది ఐదు టన్నుల పైమాటే. దాన్ని మైనస్ డెబ్బైకి మారిస్తే దాదాపు 30 శాతం కరెంటు మిగులుతుంది, చాలా రకాల శాంపిళ్ళకు ఆ పది డిగ్రీల వల్ల ఏమీ కాదు. గైడు ఒప్పుకోకపోతే వాదించకండి. ఒక్క ఫ్రీజర్‌లో మీ సొంత శాంపిళ్ళు పెట్టి ఆరు నెలలు నడిపి చూపించండి. తలుపు అంచుల మంచు గీకడం, వెళ్ళిపోయిన సీనియర్ల పెట్టెలు ఖాళీ చేయడం కూడా ఇందులో భాగమే, అది మాత్రం ఎవరూ తమ పని అనుకోరు, అందుకే తేదీ వేసి పేరు రాసి గోడకు అంటించాలి.

ఇక ల్యాబులో ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అద్దం పని అవగానే కిందికి దించండి, లేకపోతే ఏసీ గాలంతా బయటికి పోతుంది. కంప్యూటర్ మీద పెద్ద లెక్కలు నడిపేవాళ్ళకు ఆ లెక్కకు ఎంత కార్బన్ వెలువడుతుందో చెప్పే గ్రీన్ ఆల్గోరిథమ్స్ అనే ఉచిత కాలిక్యులేటర్ ఉంది, రన్ చేసే ముందు ఒకసారి చూసుకోండి. హైదరాబాద్‌లో కాన్ఫరెన్స్ ఉంటే విమానం బదులు రైలెక్కండి, యశ్వంతపూర్ నుంచి కాచిగూడకు 2023 నుంచి వందే భారత్ నడుస్తోంది.

ఇప్పటిదాకా చెప్పింది తేలిక భాగం. జనంతో కలవడం దగ్గరే మనం తడబడతాం, ఎందుకంటే వాళ్ళ సమస్య ఏంటో మనమే రాసేసుకుని, ప్రశ్నాపత్రం పట్టుకుని బయల్దేరతాం. మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. 1974లో ఐఐఎస్సీలో శాస్త్రవేత్త ఏకేఎన్ రెడ్డి గారు పల్లెలకు పనికొచ్చే టెక్నాలజీ కోసం ఆస్త్ర అనే విభాగం మొదలుపెట్టారు, తుమకూరు జిల్లా ఉంగ్ర అనే పల్లెలో కేంద్రం పెట్టి అక్కడే పని చేశారు. పొగ తక్కువ, కట్టెలు తక్కువ పట్టే ఆస్త్ర ఒలె అనే పొయ్యి ఆ పనిలోంచి వచ్చిందే. ఆ విభాగమే ఇప్పటి సెంటర్ ఫర్ సస్టైనబుల్ టెక్నాలజీస్.

కాబట్టి మొదటి రెండుసార్లు శాంపిల్ సీసాలు లేకుండా వెళ్ళండి. కోలారు వైపు ఒక పల్లెలో నేను అలా వెళ్ళకుండా సీసాలతో వెళ్తే ఒక పెద్దావిడ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "పోయినేడు కూడా మీలాంటోళ్ళే వచ్చి మా బోరు నీళ్ళు పట్టుకుపోయిరి. తాగొచ్చునా లేదా అని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు గదప్పా." మా ప్రశ్న నైట్రేట్ ఎంత అని. ఆవిడ ప్రశ్న మనవడికి ఆ నీళ్ళు పట్టొచ్చా అని. ఆ రోజు నుంచి మా ప్రశ్నల వరసలో ఆవిడది ముందుకొచ్చింది, శాంపిల్ పట్టే బోర్లు కూడా ఊరివాళ్ళే చూపిస్తున్నారు. ఏ బోరు ఎప్పుడు ఎండిందో, చెరువు నిండాక ఏది మళ్ళీ పోసిందో వాళ్ళకు నోటికి వచ్చు.

డబ్బు సంగతి ప్రపోజల్‌లోనే తేల్చుకోండి. మీతో పాటు పొలాల వెంట తిరిగే మనిషికి ఆ రోజు కూలి పోతుంది, అది బడ్జెట్‌లో ఒక వరసగా కనిపించాలి. కేంద్ర సైన్స్ శాఖ 2022లో తెచ్చిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు ఏడాదికి పది రోజులైనా ఇలాంటి పనికి ఇమ్మంటున్నాయి. వాటిని చూపించి అడగండి, గైడుతో మాట్లాడేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

ఫలితాలు వచ్చాక పేపర్ అచ్చయ్యేదాకా ఆగకండి. ఒక్క పేజీ రాయండి, ఏ బోరు నీళ్ళు తాగొచ్చు, ఏవి పంటకే వాడాలి, ఏది మళ్ళీ చూడాలి, అంతే. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పల్లెల్లో ఇంట్లో మాట తెలుగైనా బడిలో నేర్చింది కన్నడం, మన తెలుగు అక్షరాలు చాలామందికి రావు. నేను మొదటిసారి తెలుగులో ప్రింట్ తీసుకుపోతే ఒక కుర్రాడు అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చేశాడు. కాబట్టి కాగితం కన్నడంలో, వివరించడం తెలుగులో. ఎవరి బోరులో తేడా ఉందో వాళ్ళకు మాత్రం ముందే ఇంటికి వెళ్ళి విడిగా చెప్పండి, నలుగురిలో పేరు చదవకండి. మిగతావాళ్ళకు పొద్దున పాలు పోసే వేళకు డెయిరీ దగ్గరికి వెళ్ళండి, ఊరంతా అక్కడే ఉంటుంది. కాగితం ఆ గోడకే అంటించి, క్యాన్లన్నీ బండెక్కేదాకా అక్కడే నిలబడండి, అడగాల్సినవాళ్ళు చివర్లోనే వస్తారు.