లూర్ మీద ఎపాక్సీకి రంగు కలిపే ముందు

లూర్ అంటే చేపలు పట్టడానికి ఎరగా వాడే చెక్క బొమ్మ. దాని మీద పూసే గట్టి పూత ఎపాక్సీ; రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే అది గట్టిపడుతుంది. చెన్నైలో ఈ పని చేసేవాళ్లు ముందుగా ఆకాశం చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో గాలి తేమగా ఉంటుంది. ఆ తేమకు ఎపాక్సీ మీద జిడ్డులాంటి తెల్లపొర వస్తుంది. వాన రోజు అసలు పెట్టుకోకండి.

– చెక్క బాగా ఆరిందా? చెక్క రంధ్రాలు మూసే సీలర్ ఒక కోటు పడిందా? లేకపోతే చెక్కలోని గాలి బుడగలై పైకి తేలుతుంది.
– లూర్‌ను వేళ్లతో పట్టుకోకండి. చేతి జిడ్డు ఉన్నచోట ఎపాక్సీ నిలవక గుంటలు పడతాయి.
– నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరవండి. హార్డెనర్ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది, వస్తే మళ్లీ పోదు.

ఇక రంగు. పోస్టర్ కలర్, నీళ్లలో కలిపే ఏ రంగూ వద్దు. ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. ఎపాక్సీ కోసమే అమ్మే డై గానీ మైకా పొడి గానీ వాడండి. రంగును ముందు రెసిన్‌లో కలపండి, హార్డెనర్ ఆ తర్వాతే. హార్డెనర్ పోశాక టైమ్ తక్కువ, టెన్షన్ ఎక్కువ. రెండిటి పాళ్లు బరువులోనా, పరిమాణంలోనా అన్నది డబ్బా మీద చదవండి. రెండూ ఒకటి కావు.

పులికాట్‌లో పండుగప్ప కోసం ఒకసారి తేనె రంగు కలిపాను. కప్పులో ముదురుగా కనిపించింది, లూర్ మీద పలుచటి పొరలో రంగే లేదు. అందుకే ముందు ఐస్‌క్రీమ్ పుల్లకు తెల్లరంగు వేసి, దాని మీద చూడండి. చాలకపోతే రెండో కోటు వేయండి, రంగు మాత్రం పెంచకండి.

హుక్ తగిలించే రింగులకు టేపు చుట్టండి. పూత ఒకవైపుకి కారకుండా లూర్‌ను తిప్పే మోటారు ఆన్ చేసి చూశాకే కలపడం మొదలుపెట్టండి.