సొంత చేతులతో కారు – నాలుగో పాఠం: విప్పే ముందు కొలవండి

పోయిన పాఠంతో డోనర్ బండి, అంటే మనం సొంతంగా కట్టబోయే ఇద్దరి కారుకు ఇంజన్, చక్రాలు లాంటి భాగాలిచ్చే పాత బండి, ఇంటికి చేరింది. మనం ఎంచుకున్నది పాత మారుతీ ఓమ్నీ. కారణాలు రెండో పాఠంలో వివరంగా ఉన్నాయి. క్లుప్తంగా చెప్పాలంటే, ఇంజన్ అడ్డంగా కాక బండి పొడవు దిశలో కూర్చుంటుంది, లాగేది వెనక చక్రాలు, సామాన్లు అనంతపురంలోనే కాదు, గుత్తిలో, ధర్మవరంలో అడిగినా దొరుకుతాయి. పైగా మన వైపు తిరిగిన బండికి తుప్పు తక్కువ. సముద్రం పక్క ఊళ్ల బండ్లకు ఉప్పుగాలి కింది రేకును తినేస్తుంది. మన ఎండకు రబ్బరూ ప్లాస్టిక్కూ పోతాయి గానీ ఇనుము నిలుస్తుంది.

బండి రాగానే చేతులు ఊరుకోవు. స్పానర్ సెట్టు తెరిచి సాయంత్రానికల్లా మొత్తం విప్పి పడేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఈ పాఠంలో సగానికి పైగా స్పానర్ ముట్టుకోని పనే.

ఎందుకంటే ఓమ్నీకి పాత జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీ రేకే ఛాసిస్. ముందు షాక్ అబ్జార్బర్ పైకొన ఎక్కడ ఆనాలి, లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద బాడీకి కలిపే చేయి) ఎక్కడ తిరగాలి, వెనక కమాన్ కట్టల (పట్టీల స్ప్రింగుల) బోల్టు ఎంత ఎత్తులో ఉండాలి, ఇవన్నీ ఆ రేకులోనే ఉన్నాయి. వాటికి మీ దగ్గర వేరే డ్రాయింగ్ లేదు. బాడీని కట్ చేసి పాత ఇనుప సామాన్ల అంగడికి అమ్మితే డ్రాయింగును కిలోల లెక్కన అమ్మినట్టే. ఇంజన్, గేర్ బాక్స్, హౌసింగ్ (వెనక ఇరుసు మొత్తం) ఎన్నిసార్లయినా విప్పి బిగించుకోవచ్చు. వాటి మధ్య ఉన్న దూరాలు మాత్రం ఒక్కసారి పోతే మళ్లీ రావు.

మన షెడ్లలో పనిచేసే కుర్రాళ్ల చేతుల్లో ఎంత విద్య ఉందో నాకు తెలుసు. శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పేస్తారు. కానీ ఆ చేతిలో స్కేలూ పెన్సిలూ అరుదుగా కనిపిస్తాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. చక్రం ఫలానా చోటే ఎందుకుండాలో తెలిసినవాళ్లు మన ఊళ్ల నుంచి కూడా రావాలి. ఈ పాఠాలు రాస్తున్నది అందుకే.

నేరుగా ఈ పాఠానికి వచ్చినవాళ్లకు ఒక మాట. ఇలా కట్టిన కారు రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క బండిని కూడా విడిగా పరీక్షించి రోడ్డుకు అనుమతించే పద్ధతి ఉంది. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న కారును తెచ్చినప్పటి నుంచి అక్కడ ఇలా కట్టుకోవడం ఒక అలవాటుగా సాగుతోంది. విడిభాగాలుగా కొంటే కొనుగోలు పన్ను పడకపోవడం అప్పట్లో జనానికి కలిసొచ్చింది. మన దగ్గర ఆ దారి లేదు. మనది సొంత పొలంలో, కాలేజీ మైదానంలో, అనుమతి ఉన్న ట్రాక్ మీద నడిపే బండి. డోనర్ బండిని ఇక రోడ్డుకు పనికిరాకుండా విప్పేస్తున్నాం కాబట్టి 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. ఆ అర్జీ నకలు ఫైల్లో పెట్టుకోండి.

ఇక పనిలోకి.

కొలతకు కావాల్సింది చదునైన నేల. కడప బండలు పరిచిన షెడ్డయితే అంతకన్నా మంచిది లేదు, సుద్దముక్క గీత చక్కగా పడుతుంది. అయితే కంటికి చదునుగా కనిపించే నేల కూడా ఒక మూల వాలి ఉంటుంది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు తెచ్చి నాలుగు టైర్ల కింద మట్టం చూడండి. ఎక్కడ పల్లం ఉంటే అక్కడ టైరు కింద రేకు ముక్కలు పెట్టి సమం చేయండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, స్టీరింగ్ నేరుగా ఉండాలి, బండిలో పాత సామాను ఉండకూడదు. బండిని ముందుకూ వెనక్కూ రెండు మూడు అడుగులు తోసి వదిలితే కమాన్లు తమ సహజమైన ఎత్తుకు వస్తాయి. కొలత ఆ తర్వాతే.

మేస్త్రీ దగ్గరే తూకం గుండు కూడా దొరుకుతుంది. బండి కిందికి దూరి, అవసరమైన ప్రతి బిందువు నుంచి గుండు వేలాడదీసి బండ మీద గుర్తు పెట్టాలి. లోయర్ ఆర్మ్ లోపలి బోల్టులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే కడ్డీ) క్లాంపులు, ఇంజన్ మౌంటింగులు, గేర్ బాక్స్ మౌంటింగు, కమాన్ కట్టల ముందు బోల్టు, వెనక షాకిల్ (కట్ట వెనక కొసను పట్టే ఊగే లింకు) బోల్టు, నాలుగు హబ్బుల మధ్యభాగం. ముందు షాక్ అబ్జార్బర్ల పైకొనలకు గుండు నేరుగా అందదు. రెంటి మీదుగా అడ్డంగా ఒక వంకర లేని పట్టీ వేసి, అది బయటికి వచ్చిన చోట నుంచి దించాలి. గుండు ఊగడం ఆగేదాకా ఓపిక పట్టండి. ఫ్యాన్ ఆపేయండి, గాలికి దారం రెండు మిల్లీమీటర్లు జరిగినా తెలియదు.

లోయర్ ఆర్మ్ బోల్టుల గుర్తుల మధ్య ఒక బిందువు, వెనక కమాన్ బోల్టుల గుర్తుల మధ్య ఇంకొకటి పెట్టి, రెంటినీ కలుపుతూ దారానికి సుద్ద రాసి గీత కొట్టండి. అది బండి నడిగీత. ఇక ప్రతి బిందువుకూ మూడు అంకెలు: ముందు ఇరుసు గీత (రెండు ముందు హబ్బుల గుర్తులను కలిపే గీత) నుంచి ఎంత వెనక, నడిగీత నుంచి ఎంత పక్కకు, బండ నుంచి ఎంత ఎత్తు. ఓమ్నీ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 1840 మిల్లీమీటర్లు. మీ కొలత దానికి దగ్గరగా వస్తే టేపు సరిగ్గా పట్టారన్నమాట. కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి, ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఐమూలగా కూడా కొలవండి. రెండూ సమానం కావాలి. నాలుగైదు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఆ బండి ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అర్థం. అప్పుడు ఏ పక్క బాగుందో తేల్చుకుని, ఆ పక్క అంకెలనే రెండో పక్కకూ వాడాలి.

వీటన్నిటిలో స్టీరింగ్ ర్యాక్ కొలత దగ్గర ఎక్కువసేపు ఉండండి. చక్రం గుంతలో దిగి పైకి లేచినప్పుడు లోయర్ ఆర్మ్ తన బోల్టు చుట్టూ ఒక వంపులో కదులుతుంది. టై రాడ్ (ర్యాకును చక్రానికి కలిపే కడ్డీ) కూడా తన లోపలి జాయింటు చుట్టూ ఒక వంపులో కదులుతుంది. రెండు వంపులూ ఒకదానికొకటి పొసిగినంతసేపు చక్రం నేరుగా పైకీ కిందికీ వెళ్తుంది. మీ కొత్త ఫ్రేములో ర్యాకును ఒక సెంటీమీటరు ఎక్కువ ఎత్తులో బిగించారనుకోండి, స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ టై రాడ్ చక్రాన్ని లోపలికో బయటికో నెడుతుంది. మీరు స్టీరింగ్ తిప్పకుండానే బండి పక్కకు పోతుంది. అందుకే ర్యాక్ మీది రబ్బరు బెల్లోస్ (మడతల తొడుగు) వెనక్కి జరిపి, లోపలి బాల్ జాయింటు మధ్యభాగాన్ని వేలితో తడిమి పట్టుకుని, దాని ఎత్తూ పక్క దూరమూ రాసుకోండి. క్లాంపు కొలత ఒక్కటే చాలదు. రెండు పక్కలా తీయాలి.

తర్వాత కోణాలు. ఫోన్లో మట్టం చూపించే యాప్ సరిపోతుంది. ముందు బండ మీద పెట్టి సున్నా చేసుకోండి. ఓమ్నీ ఇంజన్ సీటు కింద నిటారుగా ఉండదు, బాగా ఒరిగి ఉంటుంది. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున నూనె తొట్టి), కార్బురేటర్ కూర్చునే తీరు ఆ ఒరుగుకు తగ్గట్టే చేసినవి. కొత్త ఫ్రేములో బాగుందని నిటారుగా నిలబెడితే కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం తప్పుతుంది, సంపులో ఆయిల్ లాగే గొట్టం దగ్గర నూనె తగ్గుతుంది. ఎంత ఒరిగి ఉందో ఇప్పుడే డిగ్రీల్లో రాసుకోండి.

అలాగే గేర్ బాక్స్ వెనక కొస కోణం, హౌసింగ్ దగ్గర పినియన్ ఫ్లాంజి (షాఫ్ట్ బిగిసే పళ్లెం) కోణం. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ తిప్పుడును హౌసింగుకు చేర్చే గొట్టం) రెండు కొసల్లో ఉన్న క్రాసులు (మలుపు జాయింట్లు) ఏటవాలుగా తిరిగేటప్పుడు వేగం ఒకేలా ఉండదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. మొదటి క్రాస్ చేసిన ఈ హెచ్చుతగ్గులను రెండో క్రాస్ రద్దు చేయాలంటే రెండు కోణాలూ సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు కొసల యోకులూ (క్రాసును పట్టే చీలిక కొసలు) ఒకే వరుసలో ఉండాలి. లేదంటే బండి వేగం అందుకున్నకొద్దీ సీటు కింద వణుకు మొదలవుతుంది, ఎన్ని క్రాసులు మార్చినా పోదు. కాబట్టి షాఫ్ట్ లాగే ముందు జారుడు యోకు మీదుగా, షాఫ్ట్ గొట్టం మీదికి తెల్ల పెయింటుతో ఒకే గీత గీయండి. ముందు మట్టి గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరాక గీయాలి. పినియన్ ఫ్లాంజి దగ్గరా అంతే. షాఫ్టును ఇప్పుడే లేతు షాపుకు పంపి కట్ చేయించకండి, పొడవు ఎంత కావాలో ఫ్రేము తయారయ్యాకే తెలుస్తుంది.

ఇంతవరకూ వచ్చాక స్పానర్ తీయండి.

మొదట బ్యాటరీ నెగటివ్ వైరు. తర్వాత పెట్రోలు. ఇది తెల్లవారుజామున, షెడ్డు బయట చేయాల్సిన పని. మే నెల మధ్యాహ్నం మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వను అందుకుంటుంది. ఆ రోజు షెడ్డులో వెల్డింగ్, గ్రైండింగ్ రెండూ వద్దు. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి విడిగా డబ్బాలోకి.

వైరింగు విషయంలో ఒకటే నియమం: ఎక్కడా కట్ చేయొద్దు. ప్రతి కనెక్టర్ ఊడదీసే ముందే రెండు వైపులా ఒకే నంబరు కట్టండి. కాగితం చీటీల మీది అంకెలు డీజిల్ తగిలితే చెదిరిపోతాయి. పాత డ్రింకు డబ్బాలోంచి చిన్న అల్యూమినియం ముక్కలు కత్తిరించి, మేకుతో నంబరు గుద్ది, రాగి తీగతో కట్టండి. బాడీకి బిగించిన ఎర్త్ పాయింట్లకూ నంబరు వేయాలి. చాలామంది మరిచిపోయేవి ఇవే. ఎండకు వైర్ల మీది తొడుగు పెళుసుబారి ఉంటుంది, వంచేటప్పుడు నెమ్మది. బండి ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) అయితే ఈసీఎమ్ (ఇంజన్ కంప్యూటర్), సెన్సర్లు, తాళం, ఇగ్నిషన్ లాక్ అన్నీ ఒకే పెట్టెలో ఉండాలి.

ఇంజన్ కిందికి దిగుతుంది, పైకి రాదు. బండిని ఎత్తి నాలుగు స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలూ బండరాళ్లూ పెట్టి కింద దూరకండి, ఇటుక చెప్పకుండా పగులుతుంది. చెయిన్ పుల్లీని షెడ్డు దూలానికి వేలాడదీయడం కూడా వద్దు, రేకుల బరువు మోయడానికి వేసిన దూలం అది. మూడు కాళ్ల ఇనుప స్టాండు బాడుగకు దొరుకుతుంది. ఇంజన్, గేర్ బాక్స్ కలిపే దించండి, విడదీయడం నేల మీద సులువు.

ఊడిన బోల్టును మళ్లీ దాని రంధ్రంలోనే చేత్తో తిప్పి ఉంచండి. సస్పెన్షన్, సీటు బెల్టు, స్టీరింగ్ బోల్టుల తల మీద 8.8, 10.9 లాంటి అంకె ఉంటుంది, అది వాటి బలం గుర్తు. పోతే అదే అంకె ఉన్నది కొనండి. హార్డ్‌వేర్ అంగట్లో గేటుకు వాడే బోల్టు అక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. బ్రేకు రబ్బరు పైపులు, వీల్ సిలిండర్ కిట్లు, క్రాసులు, మౌంటింగ్ రబ్బర్లు ఎలా ఉన్నా కొత్తవి వేయాల్సిందే.

దించిన ప్రతి పెద్ద భాగాన్నీ తూకం వేయించండి. శెనక్కాయల మండీలో కాటా ఉంటుంది, అడిగితే కాదనరు. ఇంజన్ ఎంత, హౌసింగ్ ఎంత, ఒక్కో చక్రం ఎంత అని రాసి పెట్టుకోవాలి. ఓమ్నీ వెనక కమాన్లు జనాన్నీ సరుకునూ మోయడానికి చేసినవి. ఇద్దరు కూర్చునే తేలికపాటి కారుకు అవి మరీ బిగువు. ఎన్ని పట్టీలు తీసేయాలో ఈ బరువులను బట్టే ఏడో పాఠంలో లెక్క వేస్తాం. అప్పటిదాకా కట్ట విప్పొద్దు.

ఆల్టో ఉంది, పనికొస్తుందా అని కొందరు అడిగారు. వస్తుంది, కానీ దారి వేరు. దాని ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను లాగుతుంది. ఆ ముందు భాగం మొత్తాన్ని సీట్ల వెనక్కి తెచ్చి, టై రాడ్లను కదలకుండా ఫ్రేముకు బిగించి వెనక చక్రాలను లాగించాలి. ముందు వైపు సస్పెన్షన్ కొత్తగా కట్టుకోవాలి. కొలిచే పద్ధతి మాత్రం అక్షరాలా ఇదే.

చివరగా బాడీ. అన్నీ ఊడిపోయి ఖాళీగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ఎప్పుడు తీసేస్తారని అడుగుతారు. ఇంకో నెల ఆగమని చెప్పండి. వచ్చే పాఠంలో ఒక అంగుళం చదరపు ఇనుప గొట్టంతో ఫ్రేము గీస్తాం. గీసేటప్పుడు ఏదో ఒక అంకె పొసగదు, అప్పుడు వెళ్లి మళ్లీ కొలవడానికి ఆ బాడీ ఉండాలి. ఫ్రేము మీద నాలుగు చక్రాలూ ర్యాకూ కూర్చున్నాకే అంగడివాళ్లకు ఫోన్ చేయండి. ఈలోపు మీ మూడు అంకెల పట్టికను శుభ్రంగా రాసి రెండు నకళ్లు తీసి, ఒకటి షెడ్డు బయట ఉంచండి. గ్రీజు చేతులతో ముట్టుకున్న కాగితంలో 3 ఏదో 8 ఏదో వారం తిరక్కముందే తెలియకుండా పోతుంది.