ఉతికినా కుంచించుకుపోని ఉన్ని – 3వ పాఠం: కాంతితో గట్టిపడే పూత

పోయిన పాఠంలో ఉన్ని వెంట్రుక మీది పొలుసులను చూశాం. గడ్డి కంకి పంచెకు తగులుకుంటే ఒకే దిక్కుకు పాకినట్టు, తడిసిన ఉన్ని వెంట్రుక కూడా వాషింగ్ మెషిన్ కుదుపులకు తన మొదలు వైపే జరుగుతుంది, వెనక్కి రాదు. అలా జరిగినవన్నీ చిక్కుపడి బట్ట అట్టకట్టేస్తుంది.

మిల్లుల్లో దీనికి ఎప్పటినుంచో వాడుతున్నది క్లోరిన్–హెర్కోసెట్ పద్ధతి. క్లోరిన్‌తో పొలుసులను అరగదీసి, పైన హెర్కోసెట్ అనే రెసిన్ (ఆరి పొరగా గట్టిపడే జిగురు లాంటి పదార్థం) పూస్తారు. పని బాగా చేస్తుంది. కానీ క్లోరిన్ చేరిన సేంద్రియ పదార్థాలు మురుగునీటిలో కలుస్తాయి, అవి ఒక పట్టాన పోవు. యూవీ (అతినీలలోహిత) కాంతితో గట్టిపడే పూత నేర్చుకోవడానికి ఈ ఒక్క కారణం చాలని నా నమ్మకం.

యూవీ పద్ధతిలో అక్రిలేట్ రకం రెసిన్‌లో కొద్దిగా ఫోటో ఇనిషియేటర్, అంటే కాంతి తగిలితే చర్య మొదలుపెట్టే పదార్థం, కలుపుతాం. యూవీ కాంతి తగలగానే ఇనిషియేటర్ విడిపోయి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణు ముక్కలు పుడతాయి. అవి రెసిన్ అణువులను గొలుసుకట్టుగా కలిపేస్తాయి. పెద్ద ఓవెన్ వేడి అక్కర్లేకుండానే సెకన్లలో ద్రవం పొరగా మారుతుంది.

అందరూ యూవీ దీపం గురించే అడుగుతారు. అసలు కష్టం అంతకుముందే, రెసిన్ ప్రతి వెంట్రుక చుట్టూ పరుచుకోవడంలో ఉంది. ఉన్ని పైన 18-ఎంఈఏ అనే కొవ్వు ఆమ్లపు పొర ఉంటుంది. బట్ట మీద నీటి చుక్క వేసి చూడండి, ఇంకకుండా గుండ్రంగా నిలబడుతుంది. చాలా రెసిన్లు కూడా అలాగే బొట్లుబొట్లుగా ఆగిపోతాయి. ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఆ పొర తీసేయొచ్చు గానీ, కాస్త ఎక్కువసేపు ఉంచితే క్షారం ఉన్నినే తినేస్తుంది. అందుకే కొత్తవాళ్లు సిలికాన్ అక్రిలేట్‌తో మొదలుపెట్టడం మంచిది. దాని ఉపరితల తన్యత (ద్రవాన్ని బొట్టుగా ముడుచుకునేలా చేసే బిగువు) తక్కువ కాబట్టి ఆ కొవ్వు మీద కూడా పరుచుకుంటుంది.

ఇక పని. బట్టను తేలికపాటి డిటర్జెంట్‌తో ఉతికి ఆరబెట్టండి. 20 డిగ్రీల సెల్సియస్, 65 శాతం తేమ ఉన్న గదిలో ఒక రోజు ఉంచాకే తూచండి. ఈ మెట్టు దాటేయకండి. ఆ తేమలో ఉన్ని తన పొడి బరువులో దాదాపు 15 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. మనం వేసే పూత అంతకంటే చాలా తక్కువ. వేడిగా ఓవెన్ నుంచి తీసి ఒకసారి, గదిలో ఉంచి ఇంకోసారి తూస్తే మీరు కొలిచేది పూత కాదు, గాలిలోని తేమ.

రెసిన్‌ను అసిటోన్‌లో పలుచన చేసి, బట్టను ముంచి, మాంగిల్ (బట్టను నొక్కి పిండే యంత్రం) రోలర్ల మధ్య పిండండి. అసిటోన్ పూర్తిగా ఆరిపోవాలి. దగ్గరలో మంట ఉండకూడదు. అసిటోన్‌నూ, అక్రిలేట్‌నూ తట్టుకునే గ్లౌజులు తప్పనిసరి, గట్టిపడని అక్రిలేట్‌తో చర్మానికి ఎలర్జీ వస్తుంది. యూవీ కళ్లద్దాలూ మరిచిపోవద్దు.

దీపం కింద పెట్టేటప్పుడు శత్రువు ఆక్సిజన్. అది ఫ్రీ రాడికల్స్‌ను పట్టేసుకుంటుంది, పైపొర జిగటగా మిగిలిపోతుంది. నైట్రోజన్ నింపిన పెట్టెలో, క్వార్ట్జ్ మూత పెట్టి చేయండి. మామూలు గాజు తక్కువ తరంగదైర్ఘ్యపు యూవీని ఆపేస్తుంది కాబట్టి పనికిరాదు. ఉన్ని తానే యూవీని పీల్చుకుంటుంది, అందుకని ఒకవైపు చాలదు, బట్టను తిప్పి రెండోవైపూ చూపించాలి. అలాగని ఎక్కువసేపు ఉంచితే తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది.

వేలితో తాకి చూడండి. జిగట ఉంటే నైట్రోజన్ సరిపోలేదు. అట్టలా బిగుసుకుంటే రెసిన్ ఎక్కువై వెంట్రుకల మధ్య ఖాళీలు మూసేసింది, ఈసారి ఇంకా పలుచన చేయండి.

అభ్యాసం: పూత వేసిన ముక్క ఒకటి, వేయనిది ఒకటి తీసుకోండి. రెంటినీ ముందు ఒకసారి మెల్లగా తడిపి ఆరబెట్టండి, నేతలోని బిగువు సడలి వచ్చే కుదింపు అక్కడే తేలిపోతుంది. తర్వాత నూలు దారంతో 20 సెంటీమీటర్ల చదరం గుర్తు పెట్టి, మెషిన్‌లో కలిపి ఉతకండి. పొడవు 19, వెడల్పు 19.2 వస్తే వైశాల్యం 400 నుంచి 364.8కి తగ్గినట్టు, అంటే 8.8 శాతం. పొడవులో తగ్గిన 5 శాతం, వెడల్పులో తగ్గిన 4 శాతం కలిపి 9 అని రాయకండి. రెండు ముక్కల లెక్కలూ పక్కపక్కనే రాసి ఉంచుకోండి, 4వ పాఠం వాటితోనే మొదలవుతుంది.